వంతెన మీద నిద్ర

ఆ కంపెనీలో ఎంతమంది పనిచేస్తారో అందులో పనిచేసేవాళ్ళకే తెలియదు. ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే అద్దాల మేడ అది. ఒక అంతస్తులో విమానాశ్రయాలు గీస్తారు. దాని కింది అంతస్తులో సొరంగాలు తవ్వుతారు, కాగితం మీదే అనుకోండి. ఇంకో అంతస్తులో ఏ ఊరికి ఏ గొట్టంలోంచి మంచినీళ్ళు రావాలో తేలుస్తారు. పొద్దున్నే లిఫ్టులో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిలో ఒకాయన చంకలో ఆసుపత్రి ఉంటుంది, ఇంకొకావిడ భుజాన ఓడరేవు ఉంటుంది. ఒకరి మొహం ఒకరెరుగరు. మెళ్ళో వేలాడే కార్డులు మాత్రం ఒకటే రంగు.

ఆ మేడకి అట్టడుగున, కార్లు నిలిపే చోటు పక్కన, కిటికీల్లేని పెద్ద హాల్లో ఒక చిన్న విభాగం ఉండేది. దాని అసలు పేరు కంపన నియంత్రణ విభాగం. అంత పేరు పలికే ఓపిక లేక పైవాళ్ళందరూ 'వణుకులవాళ్ళు' అనేవారు. కట్టింది ఏదైనా సరే, గాలికీ జనానికీ యంత్రాలకీ ఊగకుండా, వణక్కుండా చూడడం వాళ్ళ పని. ఆ విభాగంలో చాలా ఏళ్ళుగా ఉన్న ఇంజనీరు ఒకామెకి 'వణుకులమ్మ' అని పేరు పడిపోయింది. మొదట్లో ఆ పేరు వింటే మొహం చిట్లించుకునేది. తర్వాత తర్వాత తనే ఫోనెత్తి "ఆఁ, వణుకులమ్మని మాట్లాడుతున్నా" అనేదాకా వచ్చింది.

ఆమెకో అలవాటుంది. ఎక్కడికెళ్ళినా గోడకో స్తంభానికో అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకునేది. నిశ్చలంగా ఉందనుకున్నది ఏదీ నిశ్చలంగా ఉండదని ఆమెకి తెలుసు. అంత పెద్ద అద్దాల మేడ కూడా గాలి వీచిన మధ్యాహ్నాల్లో నిద్రలో పిల్లాడు కదిలినట్టు కదులుతుంది. అది పైనున్న వేలమందిలో ఎవరికీ తెలియదు. ఆమె అరచేతికి తెలుసు. అలాంటప్పుడు ఆమె మొహం చూస్తే ఎక్కడో దూరంగా ఎవరో పాడుతుంటే వింటున్నట్టుండేది.

ఆ విభాగానికి పెద్ద ఒకాయన, రేపో మాపో రిటైరవబోయేవాడు. లోకంలో ఎన్ని కొలత యంత్రాలు వచ్చినా, కొత్త కట్టడంలో అడుగుపెట్టగానే ముందు ఒక గాజుగ్లాసులో నీళ్ళుపోసి నేలమీద పెట్టి, దాని ముందు గొంతుక్కూర్చునేవాడు. నీళ్ళు కదలకపోతే లేచి మోకాళ్ళు దులుపుకునేవాడు. కదిలితే లేచేవాడు కాదు. ఆయన పేరు గ్లాసు మాస్టారు.

ఇక ఇంటి సంగతి.

వణుకులమ్మ మామగారు పెద్ద పడవ నడిపే సరంగు. ఇసుకా, ఇటుకా, కలపా ఎక్కించుకుని నది పొడుగునా తిరిగే పడవ. పెళ్ళయిన నాడు ఆ పడవెక్కిన అత్తగారు, ఆయన పోయాకే దిగింది. వంటా వార్పూ, పురుడూ పుణ్యమూ అన్నీ నీళ్ళ మీదే. కొడుకు కూడా పడవ మీదే పుట్టాడు గానీ, నీళ్ళలో పుట్టి నీళ్ళంటే పడని చేప వాడు. చిన్నప్పటి నుంచీ కడుపులో తిప్పు, తలలో తిప్పు. కాస్త జ్ఞానం వచ్చీ రాగానే గట్టు మీదికి దూకేసి, చదువుకుని, కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్షించే పనిలో కుదురుకున్నాడు. అక్షరాలు కదలకుండా ఉండే పని.

వర్షాలకి ముందు సరంగుగారు పోయారు. పడవ ఎవరికో ఇచ్చేశారు. అత్తగారు రెండు సంచులతో, ఒక సత్తుగిన్నెతో, ఆరో అంతస్తులో ఉన్న కొడుకింటికొచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఆవిడకి నిద్ర లేదు.

నిద్ర లేదంటే తక్కువ నిద్రని కాదు. పొద్దున్నే కోడలు లేచి చూసేసరికి బాల్కనీలో కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చుని ఉండేది. కళ్ళ కింద నల్లటి గిన్నెలు. మధ్యాహ్నం పడుకోమంటే పడుకునేది. ఇల్లు ఖాళీగా ఉండేది, దీపం ఆర్పినట్టు నిశ్శబ్దంగా ఉండేది, ఆవిడ కళ్ళు మాత్రం కప్పు కేసి చూస్తూ ఉండేవి. డాక్టరు బిళ్ళలిచ్చాడు. బిళ్ళలు వేసుకుంటే ఒళ్ళు పడుకునేది, మనిషి పడుకునేది కాదు.

"ఈ ఇల్లు కదలదే అమ్మాయ్," అందోరోజు కోడలితో, కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని. "బండరాయిలా కూర్చుంటుంది. కదలని చోట నిద్రేం పడుతుంది చెప్పు?"

"కదలకుండా చూడ్డానికేగా అత్తయ్యా మాలాంటివాళ్ళని పెట్టుకుంటారు."

"అయితే ఇదంతా నువ్వు చేసిన పనేనన్నమాట," అంది అత్తగారు. నవ్వింది కూడా. కానీ నవ్వు కళ్ళదాకా పోలేదు.

కోడలికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆవిడ మీద కోపం రాలేదు. నిజమే కదా అనిపించింది. ఇన్నేళ్ళూ ప్రపంచంలో ఊగేవన్నీ వెతికి వెతికి ఆపిన మనిషి తను. ఇప్పుడు తన ఇంట్లోనే ఒక మనిషి, ఊగే నేల కోసం ముఖం వాచిపోయి కూర్చుంది.

ఆ రోజుల్లోనే కంపెనీ కొత్త వంతెన పూర్తయింది. బళ్ళు పోయేది కాదు, మనుషులు నడిచే వంతెన. నదికి అడ్డంగా, చెక్కపలకలు పరిచి, సన్నటి ఉక్కుతాళ్ళతో వేలాడదీసిన అందగత్తె. తెరిచే ముందు దాని మీద జనాన్ని నడిపించి చూడాలి. జనాన్ని ఎక్కణ్ణుంచి తెస్తారు? ఉన్నారుగా అద్దాల మేడ నిండా. ఉద్యోగులందరూ సెలవురోజు పొద్దున ఇంటివాళ్ళతో సహా రావాలనీ, రెండు గట్ల మీదా టీలూ బన్నులూ ఉంటాయనీ అన్ని అంతస్తులకీ కబురొచ్చింది.

"అత్తయ్యా, నదికి పోదాం వస్తారా?" అంది కోడలు.

అత్తగారు అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది.

ఆ పొద్దున పొగమంచు దట్టంగా ఉంది. అవతలి గట్టు లేదు. నది లేదు. వంతెన ఈ గట్టు నుంచి బయలుదేరి తెల్లటి శూన్యంలోకి వెళ్ళి కరిగిపోయింది. ఎన్నాళ్ళుగానో ఒకే మేడలో ఉండి ఒకరినొకరు చూసుకోనివాళ్ళు, ఆ మంచులో ఒక్కొక్కళ్ళే ప్రత్యక్షమై "మీరు సొరంగాలా? మేం నీళ్ళ గొట్టాలు" అని పరిచయాలు చేసుకుంటున్నారు. కమ్మీలకి సబ్బుపెట్టెలంత కొలతపెట్టెలు బిగించి ఉన్నాయి. నడిమధ్యన, కూర్చోడానికి వేసిన బల్ల పక్కన, గ్లాసు మాస్టారు గ్లాసు పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.

వణుకులమ్మ భర్త వంతెన మీద నాలుగడుగులు వేసి, కింద నీళ్ళ గలగల విని, వెనక్కి తిరిగాడు. "నేను ఇక్కడ బన్నులకి కాపలా ఉంటా," అన్నాడు, మొహం అప్పుడే పాలిపోతుండగా.

ముందు కొద్దిమంది నడిచారు. తర్వాత ఇంకొంతమంది. తర్వాత అందరూ. మంచులో వందల కాళ్ళు చెక్కల మీద పడుతుంటే ఎక్కడో వాన మొదలైనట్టుంది. కాసేపటికి ఎవరికీ చెప్పకుండా వంతెన పక్కకి ఒరిగింది. మళ్ళీ ఇటు ఒరిగింది. జనం పడిపోకుండా కాళ్ళు ఎడంగా వేశారు. అలా వేయడంలో తెలియకుండానే అందరి అడుగులూ ఒకటయ్యాయి. జనం వంతెనకి తాళం వేశారు, వంతెన జనానికి తాళం వేసింది. ఊపు పెరిగింది. ఎవరో "అమ్మో" అన్నారు. ఎవరో పకపకా నవ్వారు. విమానాశ్రయాల అంతస్తు పెద్దమనిషి ఒకాయన హోదా మరిచి కమ్మీని కౌగిలించుకున్నాడు. గ్లాసులో నీళ్ళు అంచు దాటి చెక్కమీద పడ్డాయి.

ఇంత ఊపు వణుకులమ్మ లెక్కల్లో లేదు. అయినా ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మంచులో తేలుతున్న ఆ జనాన్నంతా చూస్తే, అందరూ ఒకే కలలో నడుస్తున్నట్టనిపించింది. అంతలో అత్తగారు గుర్తొచ్చి చుట్టూ చూసింది.

అత్తగారు నడిమధ్య బల్ల మీద ఒరిగిపోయి ఉంది. తల కమ్మీకి ఆనింది. చెయ్యి ఒళ్ళోంచి జారిపోయింది.

కోడలు పరిగెత్తింది. మోకాళ్ళ మీద పడి ఆవిడ మొహం దగ్గర మొహం పెట్టింది. ఊపిరి వెచ్చగా తగిలింది. ఆ తర్వాత సన్నటి గురక వినిపించింది.

అప్పుడే ఈలవేసి అందరినీ ఆగమన్నారు. కాళ్ళు ఆగాయి. వంతెన మెల్లమెల్లగా కుదుటపడింది. అది కుదుటపడగానే అత్తగారి కనుబొమ్మలు ముడిపడ్డాయి. పెదవులు కదిలాయి. రెప్పల కింద గుడ్లు అటూ ఇటూ తిరిగాయి. లేచిపోబోతోంది.

వణుకులమ్మ గ్లాసు మాస్టారి దగ్గరికెళ్ళింది. "సార్, ఇంకోసారి నడిపిద్దామా?"

"ఎందుకమ్మా? చూడాల్సింది చూశాంగా. బోలెడంత పని పెట్టిందిది మనకి."

అబద్ధం ఆడదామనుకుంది. నోరు రాలేదు. "మా అత్తగారు పడుకున్నారు సార్. వర్షాలకి ముందు పడుకున్న మనిషి."

మాస్టారు బల్ల కేసి చూశాడు. గ్లాసు కేసి చూశాడు. తర్వాత మైకు అందుకుని దగ్గాడు. "కొలతలు సరిగా రాలేదు. మళ్ళీ నడవాలి. నిదానంగా. మాటల్లేకుండా."

కొలతలు ఎందుకు రాలేదో ఈ నోటా ఆ నోటా వంతెన పొడుగునా పాకిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎవరూ గొణగలేదు. సొరంగాలవాళ్ళు నడిచారు, నీళ్ళవాళ్ళు నడిచారు, ఇళ్ళల్లోంచి వచ్చిన అమ్మలూ నాన్నలూ నడిచారు. బల్ల దగ్గరికి వచ్చేసరికి ప్రతివాళ్ళూ తల తిప్పి ఒక్క చూపు చూసి, దేవుడి గదిలోంచి వచ్చినట్టు నెమ్మదిగా సాగిపోయారు. కమ్మీని కౌగిలించుకున్నాయన కూడా కమ్మీ వదిలేసి నడిచాడు. ఆ చివరికెళ్ళి టీ తాగడం, మళ్ళీ ఇటు రావడం. మంచులో మనుషులు కరిగిపోతున్నారు, మంచులోంచి మనుషులు పుట్టుకొస్తున్నారు. వాళ్ళ మధ్యలో ముసలావిడ నోరు కొంచెం తెరిచి, పసిపిల్లలా నిద్రపోతోంది. వణుకులమ్మ పక్కన నేల మీద కూర్చుని, జారిన చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, ఆ మంచు ఎప్పటికీ విడిపోకపోతే బావుణ్ణనుకుంది.

మంచు విడిపోయి ఎండ మొహం మీద పడ్డాక అత్తగారు కళ్ళు తెరిచింది. "రేవొచ్చిందా?" అంది.

"వచ్చింది అత్తయ్యా," అంది కోడలు.

తర్వాతి సంగతి ఊహించగలిగిందే. అలా ఊగే వంతెనని జనానికి తెరవకూడదు. పై అంతస్తులో పెద్ద సమావేశం జరిగింది. వంతెన కడుపు కింద స్ప్రింగుల మీద బరువులు వేలాడదీయాలి. వంతెన ఇటు ఊగబోతే బరువులు అటు ఊగి దాని ఊపు మింగేస్తాయి. ఏ బరువు ఎక్కడ, ఎంత, ఏ స్ప్రింగుతో అన్నది తేల్చే పని వణుకులమ్మ నెత్తిన పడింది.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పింది. చెప్పకుండా ఉండలేకపోయింది.

"ఆపేస్తావా దాన్ని?" అంది అత్తగారు.

"ఆపకపోతే ఎవరైనా పడతారు అత్తయ్యా."

అత్తగారు కాసేపు చీరకొంగు వేలికి చుట్టుకుంది. "ఆపాల్సిందేలే. పిల్లా మేకా నడిచే చోటు. ఆపేదాకా మాత్రం నన్ను తీసుకెళ్ళవే."

తీసుకెళ్ళింది. బరువులు బిగించే రోజుల్లో వారానికోసారి పరీక్ష ఉండేది. కానీ ప్రతిసారీ అంతమంది జనాన్ని ఎక్కడ పోగుచేస్తారు? దానికో యంత్రం తెచ్చారు. వంతెన మధ్యలో బిగిస్తే చాలు, అదే అటూ ఇటూ తోసి, జనం నడిచినంత ఊపూ పుట్టిస్తుంది. మొదటి వారం బరువులింకా పనిలోకి రాలేదు. కనక ఊపు అచ్చం మొన్నటంత ఉంది. అత్తగారు అదే బల్ల మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు మూసుకునే ఉంది. ఆఖరికి తెరిచింది.

"ఇవాళ ఊపు బాలేదే అమ్మాయ్."

"అంతే ఉందత్తయ్యా. కొలిచాం."

"కొలిస్తే సరిపోయిందా ఏం?" అంది ఆవిడ చికాగ్గా.

వారాలు గడిచాయి. ఊపు తగ్గుతూ వచ్చింది. ఆఖరి రోజున గ్లాసు మాస్టారి గ్లాసులో నీళ్ళు అద్దంలా నిలిచిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. వణుకులమ్మకి అభినందనలు చెప్పారు. అత్తగారు వంతెన కమ్మీ మీద చెయ్యివేసి నిమిరింది. "రాయి చేశావు. బాగా చేశావులే," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే కోడలికి ఇంకా బాధేసింది.

ఆ బాధలోంచే ఆమెకి మంచం ఆలోచన వచ్చింది. యంత్రం ఊపు ఒకే లెక్కన నడిచింది. నది అలా ఉండదు కదా! నది ఒక అల వేసినట్టు ఇంకో అల వెయ్యదు. అందుకే ఆవిడకి నచ్చలేదు. అంటే, లెక్క తప్పి ఊగే మంచం కావాలి. ఊపులన్నీ ఆపే చేత్తో ఒక్క ఊపు పుట్టించలేనా అనుకుంది.

హాలు పక్కనే నమూనాలు చేసే వర్క్‌షాపు. అక్కడి వడ్రంగి మేస్త్రి అగ్గిపెట్టెంత ఆసుపత్రులూ, మూరెడు వంతెనలూ చెక్కడంలో సిద్ధహస్తుడు. ఆమె బొమ్మ గీసి చూపిస్తే గడ్డం గోక్కున్నాడు.

"మనిషి పడుకునేంత పెద్దదా మేడమ్? పెద్దవి చేసి ఎన్నాళ్ళయిందో. చెయ్యి తిరుగుతుందో లేదో."

గ్లాసు మాస్టారిని అడిగితే "మన పాత స్ప్రింగులు మూల పడున్నాయి, వాడుకో. ఎవరైనా అడిగితే పరిశోధన అను," అన్నాడు.

భోజనం వేళల్లో పని సాగింది. ఆమె ఇంట్లో అత్తగారిని కూర్చోబెట్టి "పడవ ఎలా ఊగేదో చేత్తో చూపించండి" అనేది. ఆవిడ అరచెయ్యి గాల్లో పెట్టి, కళ్ళు అరమూసి, చెయ్యి ఊపేది. వంపు తిరిగేచోట ఊపేది, ఎగువన వాన పడితే ఊపేది, ఎదురుగా ఇంకో పడవ పోతే ఊపేది. ఆ చెయ్యి చూస్తూ కోడలు కూడా తెలియకుండా ఊగేది. కళ్ళజోళ్ళాయన తలుపు దగ్గర నిలబడి చూసి "మీ ఇద్దర్నీ చూస్తుంటేనే నాకు వాంతి వచ్చేలా ఉంది" అని వెళ్ళిపోయేవాడు.

మంచం తయారైంది. నాలుగు స్ప్రింగుల మీద పలక, పలక కింద ఒకదానితో ఒకటి పొంతన లేని రెండు బరువులు. మోసుకెళ్ళేటప్పుడు కదలకుండా ఒక ఇనుప చీల దిగ్గొట్టారు. ఇంటికి చేర్చే ముందు ఓసారి చూద్దామని, పనిరోజు మధ్యాహ్నం అత్తగారిని వర్క్‌షాపుకి తీసుకొచ్చింది.

అత్తగారు మంచాన్ని చుట్టూ తిరిగి చూసి, "అమ్మ బాబోయ్, ఇంత పని నాకోసమా," అని ఎక్కి, కొంగు తల కింద మడిచి పెట్టుకుని, కాళ్ళు చాపింది. అంతలో పైనుంచి ఫోను. విమానాశ్రయాలవాళ్ళు గీసిన పైకప్పేదో గాలికి మూలుగుతోందట. వణుకులమ్మ పక్కగదిలోకి వెళ్ళి మాట్లాడి, వాళ్ళకి ధైర్యం చెప్పి, తిరిగొచ్చింది.

అత్తగారు గాఢనిద్రలో ఉంది.

వర్క్‌షాపు పని వర్క్‌షాపుది. మేస్త్రి చెక్కకి చిత్రిక పడుతున్నాడు. ఇద్దరు కుర్రవాళ్ళు బరువులు పెట్టిన బండి అటూ ఇటూ తోస్తున్నారు. గ్లాసు మాస్టారు వెనక చేతులు కట్టుకుని ఏదో లెక్క గొణుక్కుంటూ పచార్లు చేస్తున్నాడు. వాటన్నిటి నడుమ ఆవిడ వంతెన మీద పడుకున్నట్టే, నోరు కొంచెం తెరిచి పడుకుంది.

"చూశారా మేస్త్రీ!" అంది వణుకులమ్మ. ఆమెకి కళ్ళనీళ్ళు వచ్చేశాయి. "పనిచేసింది!"

మేస్త్రి చిత్రిక ఆపి, మంచం దగ్గరకొచ్చి, వంగి చూసి, ఇబ్బందిగా గడ్డం గోక్కున్నాడు. "మేడమ్... చీల ఇంకా తియ్యలేదండీ."

ఆమె వంగి చూసింది. చీల బిగించినట్టే ఉంది. మంచానికి చెయ్యి ఆనించింది. వెంట్రుకవాసి కూడా కదలట్లేదు. బండరాయిలా ఉంది. అలాగే నేల మీద చతికిలబడింది. ఏమీ పాలుపోక, అలవాటుకొద్దీ అరచెయ్యి నేలకి ఆనించింది. నేల చిన్నగా, నిండుగా అదురుతోంది. మాస్టారి అడుగులు. బండి చక్రాలు. పక్క హాల్లో తిరిగేవాళ్ళు. మేస్త్రి మళ్ళీ పనిలోకి నడిచిన చప్పుడు.

అత్తగారు లేచేదాకా ఆమె అక్కడే కూర్చుంది.

"మంచి మంచమే," అంది అత్తగారు ఒళ్ళు విరుచుకుంటూ.

"మంచం ఊగలేదు అత్తయ్యా. ఊగకుండా కట్టేసి ఉంది. మీకు నిద్రెలా పట్టింది?"

"ఊగలేదూ?" ఆవిడ ఆశ్చర్యపోయింది. కిందికి వంగి చీల చూసింది. తర్వాత వర్క్‌షాపు కేసి చూసింది. "ఏమోనే. చుట్టూ ఎవరో తిరుగుతున్నారు కదా. సరేలే, వీళ్ళున్నారు కదా అనిపించింది. అంతే."

కోడలు మళ్ళీ అరచెయ్యి నేలకి ఆనించింది.

"మీ మామయ్య రాత్రంతా పైన తిరిగేవాళ్ళు," అంది అత్తగారు, తనకే ఇప్పుడిప్పుడే గుర్తొస్తున్నట్టు. "లోపల నేను పడుకుంటే నెత్తిమీద చెక్కలు కిర్రు కిర్రుమనేవి. తాడు బిగించడానికి ఇటు, దీపం చూడ్డానికి అటు. మహా చిరాకనుకో. ఒక్కోరోజు 'కాస్త కాలు నిలబెట్టి కూర్చోండి మహానుభావా' అని అరిచేదాన్ని. కూర్చునేవారు. చప్పుడు ఆగేది. ఆగగానే నాకు మెలకువ వచ్చేసేది. లేచి కూర్చునేదాన్ని. ఆగిందంటే ఏదో అయిందనేగా."

ఆవిడ కొంగు సర్దుకుంది.

"ఇప్పుడు ఆగింది కదే," అంది.

బండి తోసేవాళ్ళు కూడా నిలబడిపోయారు. అత్తగారు వాళ్ళని చూసి గబగబా కళ్ళు తుడుచుకుంది. "అందరూ పడుకుంటారు ఆ ఇంట్లో. అందరూ పడుకుంటే పడవ ఎవరు చూస్తారు? అది పడవ కాదని నాకు తెలుసులే. తెలిస్తే మాత్రం కళ్ళు వింటాయా?"

సాయంత్రం భోజనాల దగ్గర వణుకులమ్మ ఇదంతా భర్తకి చెప్పింది. ఆయన పళ్ళెంలో చెయ్యి అలాగే ఆపేశాడు. పడవంటే తిప్పు తప్ప ఏమీ గుర్తులేదని ఇన్నాళ్ళూ చెప్పిన మనిషి. "కుడికాలు గట్టిగా వేసేవాడు నాన్న," అన్నాడు. "ఎడమది మెల్లగా. టక్కు, టిక్కు. టక్కు, టిక్కు. నేనది లెక్కపెట్టుకుంటూ పడుకునేవాణ్ణి."

మంచం మీద వాలితే చాలు కుంభకర్ణుడి తమ్ముడనిపించే ఆయన, మర్నాడు తెల్లవారకముందే అలారం పెట్టుకుని లేచాడు. లేచి హాల్లో నడిచాడు. మొదట పిల్లిలా నడిచాడు. వణుకులమ్మ తలుపు సందులోంచి తల పెట్టి "చప్పుడు రానీ. చప్పుడు కోసమేగా నడక," అంది గుసగుసగా. ఆయన కుడికాలు గట్టిగా వేశాడు. బాల్కనీ దగ్గర్నుంచి వీధి తలుపు దాకా, వీధి తలుపు దగ్గర్నుంచి బాల్కనీ దాకా. కుర్చీలో నిటారుగా కూర్చున్న అత్తగారు కొడుకుని వింతగా చూసింది. "ఏంట్రా, కడుపునొప్పా?" అంది. ఆయన నడక ఆపలేదు. ఆవిడ కాసేపు చూసింది. ఎందుకో అర్థమైనట్టుంది. ఇంకేమీ అడక్కుండా లేచి తన గదిలోకి వెళ్ళి పడుకుంది.

మొదటిరోజే అద్భుతం జరగలేదు. అలాంటివి కొత్త ఇంటి గోడలు తడి ఆరినట్టు, కనపడకుండా జరుగుతాయి. ఒకరోజు కునుకు. ఒకరోజు ఏమీ లేదు. ఒకరోజు టక్కు టిక్కుల మధ్య గురక. ఆలుమగలు వంతులు వేసుకున్నారు. తన వంతు వచ్చినప్పుడు వణుకులమ్మ నక్షాలు చేతబట్టుకుని, చదువుతూ నడిచేది. కింది ఫ్లాటాయన ఓసారి పైకొచ్చి "మీ ఇంట్లో పొద్దున్నే ఎవరైనా కసరత్తు చేస్తున్నారా?" అని అడిగాడు. సంగతి చెబితే తల పంకించి వెళ్ళిపోయాడు. తర్వాత లిఫ్టులో కనపడ్డప్పుడల్లా "నిన్న పెద్దావిడ పడుకున్నారా?" అని అడిగేవాడు. కళ్ళ కింద గిన్నెలు మెల్లగా నిండిపోయాయి. బిళ్ళల సీసా ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

వంతెన తెరిచారు. జనం తెగ తిరుగుతున్నారు. అది ఒకప్పుడు ఊగేదంటే ఎవరూ నమ్మరు. మంచం మాత్రం ఇంటికి రాలేదు. గ్లాసు మాస్టారు మధ్యాహ్నాలు దాని మీద నడుం వాలుస్తున్నాడనీ, అదీ చీల తీసే వాలుస్తున్నాడనీ, ఈ సంగతి పైవాళ్ళకి తెలియకూడదనీ మేస్త్రి చెప్పాడు.

మరో పెద్ద పని వచ్చిపడింది ఆ తర్వాత. ఏదో ఊళ్ళో ఎత్తయిన మేడ ఒకటి గాలికి ఊగుతోంది. వణుకులమ్మ వారాల తరబడి లెక్కల్లో మునిగిపోయి, ఒక సెలవురోజు మధ్యాహ్నం, బట్టలు మడతపెడుతూ పెడుతూ అత్తగారి మంచం మీదే ఒరిగిపోయింది. బయట చినుకులు పడుతున్నాయి. భర్త దుకాణానికి వెళ్ళాడు. ఆరిన బట్టల వెచ్చదనం చెంపకి తగులుతోంది. కళ్ళు మూతలు పడుతుంటే హాల్లో మెత్తగా ఒక చప్పుడు మొదలైంది. వట్టి కాళ్ళు. బాల్కనీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి బాల్కనీ దాకా.

"కూర్చోండత్తయ్యా," అంది మత్తుగా. "మోకాళ్ళు నొప్పెడతాయి."

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకు? పడుకోవే," అంది అత్తగారు హాల్లోంచి. "నేనున్నాగా."

అలవాటుకొద్దీ గోడకి ఆనించిన అరచెయ్యి ఎప్పుడు జారిపోయిందో వణుకులమ్మకి తెలియలేదు.